పదహారు దెబ్బలకో ఊపిరి

త్స్విక్కావులో నా పనిబల్ల కిటికీ పక్కనే.
సోమవారం పొద్దున్నే సిల్కె వచ్చి
చెప్పుల పెట్టెలోంచి ఒక నల్ల ఇంజన్ తీసి పెట్టింది.
యాభై రెండో వర్గం, ఆవిరిది.
పొగగొట్టం అంచు విరిగింది, బొగ్గుబండికి ఒక చక్రం లేదు.
"దీనికి గొంతు పెట్టాలి" అంది.

ఎన్నిటికి పెట్టలేదు!
పాత మోటారుకి దాని ఇనుప ఒళ్ళే తీగ,
ముందు ఆ చుట్టరికం తెంపాలి,
లేదంటే ఖరీదైన డీకోడరు
చిటికెలో పొగై పోతుంది.
బ్రష్షు కింద పలచని పొర దూర్చాను.
ఎర్ర తీగ కుడి పట్టాకి, నల్లది ఎడమకి,
నారింజదీ బూడిదదీ మోటారుకి.
బొగ్గుబండిలో బరువు కోసం పోసిన సీసాన్ని
సగానికి కోసి
ఆ సగం చోటులో చక్కెరబిళ్ళంత స్పీకరు పెట్టాను.
చుట్టూ జిగురు.
సూదిమొనంత సందున్నా గాలి జారి
ఏనుగు కాస్తా దోమవుతుంది.

"శబ్దం నా దగ్గరుంది," అన్నాను,
"డిపోలో మైకు పెట్టి పట్టింది.
బాయిలరు నిట్టూర్పు, బ్రేకు కీచు,
పార బొగ్గుని గీరడం దాకా."
ఆమె సంచీలోంచి క్యాసెట్టు తీసింది.
లేబులు మీద పెన్సిలు రాత: ఫాల్క్, 1979.

తమ్ముడు. నత్తి.
కొట్టులో రొట్టె అడగబోయి
"బ్రోట్" అన్న బుల్లి మాటలో "బ" దగ్గరే ఆగిపోతే
వెనక వరసంతా గోడ గడియారం చూసేదట.
మాట పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు,
వాడికి పెదవి దాటడమే దూరప్రయాణం.
నేల మీద బోర్లా పడుకుని
బుగ్గ పట్టాలకానించి
ఈ బొమ్మని నడిపేటప్పుడు మాత్రం
దీని నోరు వాడే.
ఒక్కసారీ తడబడలేదట.

"ఆ ఇంజన్ అలా అరవదమ్మా."
"ఈ ఇంజన్ ఇలాగే అరిచింది."
ముప్పై ఏళ్ళ పనివాణ్ణి,
జవాబు దొరక్క స్క్రూడ్రైవరు తుడుచుకున్నాను.

రాత్రి విన్నాను.
టేపు గరగర, ఎవరో కుర్చీ జరిపారు,
ఆ తర్వాత
త్‌ష్ త్‌ష్ త్‌ష్ త్‌ష్
చక్రం ఒక చుట్టుకి సరిగ్గా నాలుగు.
తొమ్మిదేళ్ళవాడికి ఎవరు చెప్పారు?
పదహారో దెబ్బ దగ్గర ఊపిరి చాలక
గబుక్కున గాలి మింగి మళ్ళీ మొదలు.
ఆ గుటకని చేపముల్లులా ఏరేశాను.
నున్నగా వచ్చింది, అతుకు కనిపించకుండా.
మళ్ళీ విన్నాను.
యంత్రం.
లేచి కాఫీ పెట్టుకుని
ఏరిన ముల్లుని దాని చోటులో దాన్ని పెట్టాను.

శనివారం సిల్కె భోజనాల బల్ల మీద పట్టాలు పరిచాం.
చెప్పలేదు కదూ, ఫాల్క్ ఉన్నాడు.
లైప్‌జిగ్ నుంచి వచ్చాడు,
బట్టతల, తడి గొడుగు.
ఫోను చెయ్యడట, అన్నీ మెసేజీలే.
నేను మీట తిప్పాను.
చక్కెరబిళ్ళలోంచి తొమ్మిదేళ్ళ బుగ్గలు ఊదుతున్నాయి.
అతను గొడుగు ఎక్కడా పెట్టలేదు,
నీళ్ళు చెక్కనేల మీద బొట్లు బొట్లుగా పడుతున్నాయి.
గుటక వచ్చినప్పుడు అతని గొంతుముడి కదిలింది,
సరిగ్గా అప్పుడే.

సిల్కె ఏడుస్తుందనుకున్నాను. సాసేజీలు మాడుతున్నాయని వంటింట్లోకి పరిగెత్తింది.

"బ... బ... బయల్దేరేటప్పుడు,"
అన్నాడు ఫాల్క్.
ఇంజన్ ఒక చుట్టు తిరిగొచ్చింది.
"ఇంత తొ... తొందరేంటి?
వెనక బ... బ..."
ఇంకో చుట్టు.
"బరువుంది కదా."

నిజమే.
మూడో నంబరు విలువ పన్నెండు నుంచి ముప్పైకి పెంచాను.